బానెట్ కింద గుడ్డ, కుంచె చాలు

పాత కారును అమ్మకానికి పెట్టేవారు చాలామంది ముందుగా చేసే పని ఇంజన్ కడిగించడం. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే మా దగ్గరి బంధువొకరు మొన్నటి వానాకాలంలో అదే చేశారు. సాయంత్రం కారు తళతళలాడుతూ ఇంటికి వచ్చింది. మరునాడు ఉదయం కొనడానికి వచ్చినవారి ఎదుట స్టార్ట్ చేస్తే ఇంజన్ మిస్ అవుతూ, వణుకుతూ నడిచింది. చెక్ ఇంజన్ లైటు ఆరలేదు. మెకానిక్ వచ్చి, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్ళను ఒక్కొక్కటిగా పైకి లాగి చూశాడు. ఒకదాని రబ్బరు తొడుగు తడిసి ఉంది, ప్లగ్గు కూర్చునే గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ సంగతి వాటర్ వాష్ నడిపే ఆయనకు ఫోన్ చేసి చెబితే, "కారు వర్షంలో తిరగడం లేదా సార్, నాలుగు నీళ్ళు పడితే ఏమవుతుంది?" అన్నాడు.

ఆయన మాటలో మోసమేమీ లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. కారు ఉన్నవారిలో చాలామంది నమ్మకం కూడా అదే. అందుకే ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకుండా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. బానెట్ కింద శుభ్రం చేయడం అవసరమే. ఆ పనిని ఎవరి ఇంట్లో వారు, తమ చేతులతో, దాదాపు పొడిగానే చేసుకోవాలి. ఎందుకంటే ఆ శుభ్రతకున్న పెద్ద ప్రయోజనం ఇంజన్‌ను దగ్గరగా చూడటం, ఆ చూపు పైపు పట్టుకుని దూరంగా నిలబడినవారికి దొరకదు.

వర్షం వేరు, గన్ వేరు

వర్షంలో కారు నడుస్తున్నప్పుడు బానెట్ మూసి ఉంటుంది. అద్దం మీది నుంచి జారిన నీరు వైపర్ల కింద ఉన్న తొట్టిలో పడి, పక్క కాలువల గుండా చక్రాల వెనక్కి పోతుంది. రోడ్డు మీది నీరు కింది నుంచి చిమ్ముతుంది కానీ ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ పళ్ళెం చాలావరకు దానిని ఆపుతుంది. గాలి పీల్చే గొట్టం నోరు ఎటు తిరిగి ఉండాలి, ఫ్యూజ్ బాక్స్ మూత ఏ అంచున మూసుకోవాలి, వైర్లు కనెక్టర్‌లోకి కింది నుంచి వెళ్ళాలా పక్క నుంచి వెళ్ళాలా అన్నవన్నీ ఈ రెండు దారుల్లో వచ్చే నీటిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. బానెట్ ఎత్తి పై నుంచి, పక్క నుంచి, తోచిన కోణంలో ప్రెషర్ వాషర్ గన్‌తో నీళ్ళు కొడితే ఆ ఏర్పాట్లన్నీ వృథా అవుతాయి.

బలంలోనూ పోలిక లేదు. పది మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్ (బార్ ఒత్తిడిని కొలిచే ప్రమాణం). ఇళ్ళల్లో వాడుకునేందుకు అమ్మే ప్రెషర్ వాషర్లు సాధారణంగా 100 బార్‌కు పైబడి పనిచేస్తాయి. నాజిల్ నుంచి దూరం జరిగేకొద్దీ ఆ ధార బలం తగ్గుతుంది, నిజమే. కానీ మూలల్లో పేరుకున్న మడ్డి ఊడాలని ధారను దగ్గరికి తీసుకువెళ్ళని మనిషిని నేను చూడలేదు.

ఇక్కడ కొంచెం తెలిసినవారు ఒక అభ్యంతరం చెబుతారు. ఇప్పటి కార్లలో కనెక్టర్లు, సెన్సర్లు ఐపీ 67 స్థాయివి, నీళ్ళలో మునిగినా ఏమీ కావు కదా అంటారు. ఆ అంకెలకున్న అర్థం గమనించాలి. ఐపీ 67 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి చేరకూడదని. ఒక మీటరు లోతున నీటి ఒత్తిడి బార్‌లో పదో వంతు మాత్రమే. బలమైన ధారను తట్టుకోవడానికి వేరే పరీక్ష ఉంది, దానిని ఐపీ 69కే అంటారు. అందులో 80 డిగ్రీల వేడి నీటిని 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో పది, పదిహేను సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి చూస్తారు. మొదటి పరీక్షలో నెగ్గింది రెండో పరీక్షలో నెగ్గుతుందన్న హామీ ఎక్కడా లేదు. పైగా ఈ హామీలన్నీ కొత్త వస్తువుకు. ఏళ్ళ తరబడి వేడికి ఉడికి గట్టిపడిన రబ్బరు సీలు, మెకానిక్ విప్పి బిగించేటప్పుడు క్లిప్పు విరిగిన కనెక్టర్, ఎలుక సగం కొరికి వదిలిన వైరు ఏ పరీక్షకూ వెళ్ళలేదు.

వేడి సంగతి మరొకటి. కారును వాష్‌కు నడిపించుకుంటూ వెళతాం కాబట్టి అక్కడికి చేరేసరికి ఇంజన్ కాగి ఉంటుంది. వేడెక్కిన కనెక్టర్ లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. దానిమీద చన్నీళ్ళు పడగానే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీలు అంచున ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాల భాగం) మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చన్నది అందరూ చెప్పేదే. కనెక్టర్ నీరు పీల్చుకోవడం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకు దీనిమీదే ఎక్కువ భయం, ఎందుకంటే దీని ఫలితం ఆ రోజు తెలియదు. లోపల చేరిన చెమ్మ రాగి పిన్నుల మీద మెల్లగా ఆకుపచ్చని చిలుము పట్టిస్తుంది. కొన్ని నెలల తరువాత ఒకరోజు ఇంజన్ ఆగిపోతుంది, లేదా ఫ్యాన్ తిరగదు, లేదా అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే ఏదో లోపం మెకానిక్‌కు అంతుపట్టదు. అప్పటికి కడిగించిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మా బంధువుకు మరునాడే తెలిసిపోవడం ఒక రకంగా మేలే అయింది. నీళ్ళు తుడిచి, గుంట ఆరబెట్టి, కాయిల్ మార్చడంతో సరిపోయింది. "మేము ఎన్నో కార్లు కడిగాం, ఒక్కటీ పాడవలేదు" అని వాష్ యజమానులు నిజాయితీగా చెప్పగలగడానికి కారణం కూడా ఈ ఆలస్యమే.

వరదలో మునిగిన కార్లు తిరిగి నడుస్తున్నాయి కదా అని అడిగేవారూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లను ఉదాహరణగా చూపుతారు. ఆ కార్లను బాగుచేయడానికి కనెక్టర్లు విప్పి ఆరబెట్టి, ఆయిళ్ళు మార్చి, సీట్లు ఊడదీసి పడిన శ్రమ చూసినవారు ఆ వాదన చేయరు.

మురికి నిజంగా హాని చేస్తుందా?

ఇంత చెప్పాక, అసలు ముట్టుకోకుండా వదిలేస్తే పోదా అన్న ప్రశ్న రావడం సహజం. షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్ద మెకానిక్‌లు తరచూ ఇచ్చే సలహా ఇదే: "ఇంజన్ జోలికి పోకండి, దుమ్ము దాని మానాన అది ఉంటుంది." ఈ మాటను నేను చాలాకాలం గౌరవించాను, ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. దుమ్ము పట్టిన ఇంజన్ వేడెక్కిపోతుందని డీటెయిలింగ్ (కారును మూలమూలలా శుభ్రం చేసి మెరిపించే పని) చేసేవారు చెప్పే మాటలో అతిశయోక్తి ఉంది. ఇంజన్ వేడిని ప్రధానంగా తీసుకుపోయేది కూలెంట్, దానిని చల్లార్చేది రేడియేటర్. సిలిండర్ బ్లాకు మీద పలుచని దుమ్ముపొర ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. రేడియేటర్, దాని ముందుండే ఏసీ కండెన్సర్ రేకుల మధ్య పురుగులు, దూది, మట్టి ఇరుక్కుంటే మాత్రం తేడా వస్తుంది. మే నెల ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గిందంటే గ్యాసు నింపించే ముందు ఒకసారి అక్కడ చూడటం మంచిది.

ఆ సలహాలో నేను ఒప్పుకోని సగం ఏమిటంటే, దుమ్ము దాని మానాన అది ఉండదు. చమురు తగిలినచోట పేరుకుంటుంది, కనుక చమురు ఎక్కడ నుంచి వస్తున్నదో అదే చెబుతుంది. ఇంజన్ పైన టాపెట్ కవర్ అంచు వెంట వేలితో రాసి చూడండి. పొడి దుమ్ము బూడిద రంగులో వేలికి అంటి, ఊదితే పోతుంది. గాస్కెట్ (రెండు భాగాల మధ్య నూనె కారకుండా ఉంచే పట్టీ) చెమరుస్తున్నచోట అదే దుమ్ము నల్లగా, తేమగా, ముద్దగా ఉండి గోటి సందులోకి ఎక్కుతుంది. దానిని గుడ్డతో తుడిచి, వారం తరువాత మళ్ళీ అదే చోట చూస్తే, తిరిగి చెమర్చిందా లేదా అన్నది ఏ యంత్రమూ లేకుండా తెలుస్తుంది. కూలెంట్ గొట్టం బిగింపు దగ్గర గులాబీ రంగులోనో ఆకుపచ్చ రంగులోనో ఉప్పు పేరుకున్నట్టు మరక కనిపిస్తే అక్కడ చుక్క చుక్కగా కారి ఆరిపోతున్నదని అర్థం. డీజిల్ కారులో ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లగా గట్టిపడి ఉంటే దాని కింది వాషర్ దగ్గర గ్యాసు తప్పించుకుంటున్నదని అనుమానించాలి. గన్‌తో కడిగితే ఈ ఆనవాళ్ళన్నీ ఒక్క నిమిషంలో కొట్టుకుపోతాయి. అప్పుడు పోయేది మురికి ఒక్కటే అనుకుంటాం. ఇంజన్ తన ఆరోగ్యం గురించి రాసిపెట్టుకున్నది కూడా దానితోనే పోతుంది.

ఇక ఎలుకల బెడద. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే కార్లకు ఇది ఎంత పెద్ద సమస్యో అందరికీ తెలుసు. బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన ఎండిన చపాతీ ముక్క, కోడి ఎముక, బానెట్ లోపలి దూది అట్ట నుంచి పీకిన పీచు కనిపిస్తాయి. ఎండుగడ్డి, పీచు వేడి భాగాల దగ్గర చేరితే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. వైపర్ల కింది తొట్టిలో వేపాకు, కానుగాకు నిండి కాలువలు మూసుకుపోతే వాననీరు కారు లోపలికి, కాళ్ళ కింది మ్యాట్ల మీదికి వస్తుంది. ఇవన్నీ బానెట్ ఎత్తి, వంగి, చెయ్యి పెట్టి శుభ్రం చేసేవారికే కనబడతాయి. కాబట్టి ముట్టుకోవద్దన్న పెద్దల మాటను నేను నీటికే పరిమితం చేసుకుంటాను.

పని ఎలా సాగాలి

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ఆదివారం ఉదయం, కారు రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు, నీడలో మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. తాళంచెవి కారులో ఉండకూడదు, ఇంజన్ నడుస్తుండగా ఏ పనీ చేయకూడదు. కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపిన తరువాత కూడా తనంతట తాను తిరుగుతుంది, కనుక చల్లారకముందు దాని దగ్గర వేళ్ళు పెట్టడం ప్రమాదం. చేతులు పెట్టే ముందు టార్చి వేసి ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే వాటిని ఊదడం, పొడిగా ఊడ్చడం పనికిరాదు. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ తేలికగా తీసుకోవలసిన జబ్బు కాదు. గ్లౌజులు, మాస్కు వేసుకుని, క్రిమిసంహారక ద్రవంలో తడిపిన కాగితంతో తీసి సంచిలో కట్టి పారవేయాలి.

ఆ తరువాత పొడి పని. నా దృష్టిలో మొత్తం పనిలో ముప్పాతిక వంతు ఇదే. రంగులు వేసే మెత్తని కుంచె ఒకటి, పాత పళ్ళ బ్రష్ ఒకటి, ఇంట్లో దుమ్ము పీల్చే వాక్యూమ్ ఉంటే అది, ఇవే పనిముట్లు. పై నుంచి కిందికి, కుంచెతో కదిలిస్తూ మరో చేత్తో వాక్యూమ్ గొట్టం పట్టుకుంటే దుమ్ము ముఖాన పడదు. కుంచెకు ఇనుప పట్టీ ఉంటే దానికి ఇన్సులేషన్ టేపు చుట్టాలి, లేకపోతే అది బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కూ బాడీకీ ఒకేసారి తగిలి నిప్పురవ్వ లేవవచ్చు. వైపర్ల కింది తొట్టిలోని ఆకులను చేత్తోనే తీయాలి. వాటిని నీటితో తోస్తే వెళ్ళి కాలువలోనే ఇరుక్కుంటాయి.

జిడ్డు ఉన్నచోట మాత్రమే తడి అవసరం. నీటిలో కలిసే డీగ్రీజర్‌ను (జిడ్డు వదిలించే ద్రవం) సీసా మీద రాసిన పాళ్ళలో పలుచన చేసి, ఇంజన్ మీద కాకుండా గుడ్డ మీదో బ్రష్ మీదో చల్లుకోవాలి. ఈ ఒక్క అలవాటుతో సగం ప్రమాదాలు తప్పుతాయి. డీగ్రీజర్ కొనేటప్పుడు కాస్టిక్ సోడా ఉన్నదా అని చూడాలి. గాఢమైన క్షారం అల్యూమినియాన్ని తినేసి తెల్లమరకలు మిగులుస్తుంది, నేటి ఇంజన్లలో ఎక్కువ భాగం అల్యూమినియమే. రాసిన తరువాత రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, ఎండిపోకముందే తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తాలి. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, గాలి పీల్చే నోరు, కాయిళ్ళు ఉన్నచోట ఇంత కొంచెం తడికి కూడా పాలిథిన్ కవర్ కప్పి పని చేయడం మంచిది. కప్పినవి ఎన్నో లెక్క పెట్టుకుని, స్టార్ట్ చేసే ముందు అన్నీ తీశామని చూసుకోవాలి.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లని, నీలి ఆకుపచ్చని పొడి పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన నీటితో పళ్ళ బ్రష్ తడిపి రుద్దితే పొంగి వదులుతుంది. ఇక్కడ నెగెటివ్ తీగ ముందు విప్పి, చివర బిగించాలి. పాజిటివ్ విప్పేటప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలినా అప్పుడు షార్ట్ కాదు. నెగెటివ్ విప్పితే గడియారం, రేడియో సెట్టింగులు, కిటికీ అద్దాల ఆటో పద్ధతి పోతాయి కనుక ప్రతిసారీ విప్పాలని నేను అనను; పొడి కుంచెతో, ఒత్తిన గుడ్డతో చేసే పనికి అవసరం లేదు. బ్రేకు నూనె ఎక్కడైనా ఒలికి ఉంటే మాత్రం పొడి సూత్రాన్ని పక్కనపెట్టి వెంటనే తడిగుడ్డతో పదేపదే తుడవాలి, లేకపోతే పెయింటు లేస్తుంది. కూలెంట్ ఒలికినా నేల మీద వదలకూడదు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. సెల్లార్లో తిరిగే పిల్లులు, కుక్కలు దానిని నాకి చచ్చిపోతాయి.

రేడియేటర్, కండెన్సర్ రేకులకు నీరు వాడవచ్చు, కానీ కుళాయి పైపు ధార చాలు. వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, వచ్చిన దారినే మట్టి పోతుంది. గన్ పెడితే ఆ పలుచని రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లున్నవారికి ఒక్క మాట: నారింజ రంగు తీగలు అధిక వోల్టేజీవి. వాటిని, అవి వెళ్ళే పెట్టెలను ముట్టుకోకుండా, చుట్టుపక్కల పొడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆపేయాలి.

ఆవిరితో శుభ్రం చేసే డీటెయిలింగ్ వారి పద్ధతి గన్ కంటే ఎంతో మెరుగని ఒప్పుకోవాలి. నీరు తక్కువ, జిడ్డు బాగా వదులుతుంది. చేసే మనిషి ఏ భాగం ఏదో తెలిసినవాడైతే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ తెలివి ఉన్నవాడు చేస్తున్నాడో లేదో మనం పక్కన నిలబడితేనే తెలుస్తుంది. అంతసేపు నిలబడేవారు తామే చేసుకోవచ్చునని నా వాదన.

మెరుపు అనే ప్రలోభం

కిరోసిన్, డీజిల్ చల్లి కడిగి మెరిపించే అలవాటు ఇంకా పోలేదు. జిడ్డును అవి బాగా కరిగిస్తాయి, ఆ మాట నిజం. కానీ కూలెంట్ గొట్టాలను సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. అది వేడినీటిని, గ్లైకాల్‌ను ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పైగా చల్లిన కిరోసిన్ మూలల్లో మిగిలిపోయి, వేడెక్కిన ఎగ్జాస్ట్ పక్కన ఆవిరవుతుంది. మంట పుట్టడానికి కావలసినవన్నీ మనమే సమకూర్చినట్టవుతుంది.

కడిగాక టైరు పాలిష్ చల్లి ప్లాస్టిక్ భాగాలను నల్లగా నిగనిగలాడించడం మరో వాడుక. ఆ సిలికాన్ జిడ్డు మీద వారం తిరగకుండా రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది. బెల్టు మీద పడితే బెల్టు జారుతూ కీచుమంటుంది. గాలి గొట్టంలోకి పోయిన సిలికాన్ సిలిండర్లలో కాలి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేయగలదు. ఇంతకన్నా నాకు పెద్ద అభ్యంతరం, ఆ మెరుపు కింద లీకేజీ కనపడదు. పాత కారు కొనేవారికి నా సలహా ఇది: బానెట్ ఎత్తగానే ఇంజన్ నిగనిగలాడితే సంతోషించకుండా, కడిగించి ఎన్నాళ్ళయిందో అడిగి, కారును అరగంట నడిపి, మళ్ళీ బానెట్ ఎత్తి అంచులన్నీ వేలితో తడమండి. అమ్మేవారికి కూడా, గుడ్డతో తుడిచిన శుభ్రమైన ఇంజన్, దాని పక్కన సర్వీసు బిల్లులు ఉంటే అంతకన్నా నమ్మకం కలిగించేది లేదు.

నీటి విషయంలో ఇంకొకటి ఆలోచించవలసి ఉంది. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించారు. ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మన కాలనీలకూ ఆ పరిస్థితి కొత్తది కాదు. పైగా ఇంజన్ కడిగిన నీటిలో ఉండేది ఉత్త మట్టి కాదు, ఆయిల్ కూడా. అది సెల్లార్ నుంచి వాననీటి కాలువలోకి, అక్కడ నుంచి చెరువులోకి పోతుంది. గుడ్డతో తుడిస్తే ఆ జిడ్డు గుడ్డలోనే ఉంటుంది, దానిని సంచిలో కట్టి వేరుగా పారవేయవచ్చు.

ఇంటి దగ్గర ఇంత జాగ్రత్తగా చేసుకున్నవారు కూడా సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు మరిచిపోయే సంగతి ఒకటుంది. చాలాచోట్ల కారు అప్పగించే ముందు కడగడం పనిలో భాగం, ఆ ఊపులో బానెట్ కూడా ఎత్తి గన్ తిప్పేస్తారు. నోటిమాటగా వద్దని చెబితే ఆ మాట రిసెప్షన్ దగ్గరే ఆగిపోతుంది, కడిగే కుర్రాడి దాకా చేరదు. జాబ్ కార్డు మీద "బానెట్ లోపల నీళ్ళు కొట్టవద్దు" అని రాయించి, సంతకం చేసే ముందు ఆ వాక్యం ఉన్నదో లేదో చూసుకుని, కాగితం మీద రాసిన అదే మాటను టేపుతో బానెట్ కింద కూడా అతికించి పంపండి.